పక్షవాతం: పోయిన గంటలు ఎవరివి?

(బేతంచెర్లలో జరిగిన స్త్రీల ఆరోగ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పక్షవాతం గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను. నర్సును. ముప్ఫై ఏళ్ళు వార్డుల్లో ఈ జబ్బు మనుషులను ఎత్తి, పక్కకు తిప్పి, కడిగి, వాళ్ళ ఇళ్ళవాళ్ళతో పోట్లాడి నేర్చుకున్న సంగతులు చెబుతాను. పుస్తకాల్లో చదువుకున్నది కూడా కొంత ఉంది. అర్థం కాకపోతే మధ్యలోనే ఆపి అడగండి, మొహమాటపడొద్దు.

ముందు ఒక ఇంట్లో జరిగింది చెబుతాను. ఆమె నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో బండలు మోసే మనిషి. నలభై రెండేళ్ళు. ఊరూ పేరూ చెప్పను. పొద్దున ఆరింటికి బియ్యం చెరుగుతుంటే చేట జారి కింద పడింది. వంగి తియ్యబోతే కుడిచెయ్యి రాలేదు. కూతుర్ని పిలవబోతే మాట ముద్దముద్దగా వచ్చి ఆగిపోయింది. మూతి ఎడమపక్కకు లాగేసింది. అత్త చూసి, "గాలి తగిలిందిమే, కదిలించొద్దు, వాడు రానీ" అని పడుకోబెట్టింది. వాడు అంటే ఆమె భర్త. తెల్లవారకముందే గనికి పోయినాడు. పది గంటలకు కబురంది వచ్చాడు. దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. పన్నెండింటికి ఎవరో పావురం రక్తం రుద్దితే చెయ్యి లేస్తుందన్నారు. పావురం కోసం మనిషిని పంపారు. మూడింటికి ఊళ్ళోని ఆర్‌ఎంపీ వచ్చి గ్లూకోసు సీసా ఎక్కించి, బీపీ ఎక్కువుందని నాలుక కింద మందు చుక్కలు వేసి పోయాడు. సాయంత్రం అప్పు కోసం మేస్త్రీ ఇంటికి పోయారు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి మా వార్డుకు తెచ్చారు. కేసు షీటులో నేనే రాశాను, 26 గంటలని.

అదే వారంలో దాదాపు ఆ వయసు మగమనిషి ఒకాయన వచ్చాడు. ఆయనకూ కుడివైపే. భార్య కేక వేసింది, పక్కింటి ఆటో వచ్చింది, రెండు గంటల్లో ఆసుపత్రిలో ఉన్నాడు. మూడు వారాలకు చేతికర్రతో నడిచి ఇంటికి పోయాడు. మగవాళ్ళందరూ వేళకు వస్తారని నేననను, వాళ్ళలోనూ ఆలస్యంగా వచ్చేవాళ్ళే ఎక్కువ. అయితే మగమనిషి పడిపోతే ఎవరి అనుమతి అడగాలి అన్న ప్రశ్న ఇంట్లో పుట్టదు. ఆడమనిషి పడిపోతే మొదట వచ్చే మాట "ఆయన రానీ" అన్నదే.

ఆ 26 గంటల్లో ఆమె తలలో ఏం జరిగిందో ఇప్పుడు చెబుతాను. అది తెలిస్తే 'ఆయన రానీ' అన్న మాట ఖరీదు ఎంతో మీరే లెక్క కట్టగలరు.

మన పేరులోనే చిక్కుంది. పక్షం అంటే ఒక పక్క, వాతం అంటే గాలి. మాటలోనే గాలి ఉండేసరికి మనవాళ్ళు గాలి కోసమే వెతుకుతారు. చెయ్యి పడిపోయింది కాబట్టి చేతికి నూనె రాస్తారు, పావురం రక్తం రుద్దుతారు. జబ్బు చేతిలో లేదు. చేతిని కదిలించే చోటు తలలో ఉంది, దెబ్బ అక్కడ తగిలింది. అదీ ఎదురు పక్కన. మెదడు నుంచి దిగే నరాల దారులు మెడ దగ్గరికి వచ్చేసరికి ఒకదాన్నొకటి దాటుకుని అటువి ఇటు, ఇటువి అటు పోతాయి. అందుకే కుడిచెయ్యి పడిపోతే దెబ్బ తిన్నది ఎడమ మెదడు.

మెదడు బరువు మన ఒంటి బరువులో నూటికి 2 వంతులే. కానీ ఒళ్ళు వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 వంతులు అదే లాగేసుకుంటుంది. పైగా దానికి గాదె లేదు. కండలో, కాలేయంలో ఉన్నట్టు కష్టకాలానికి దాచుకున్నది ఏమీ లేదు. ఏ నిమిషం తిండి ఆ నిమిషం రక్తంలో రావాల్సిందే. కూలికి పోతేనే పొయ్యి వెలిగే ఇల్లనుకోండి. మెడ ముందు వైపు నుంచి రెండు, వెనక వెన్నుపూసల లోంచి రెండు, మొత్తం నాలుగు రక్తనాళాలు పైకి పోయి, మెదడు అడుగున ఒక వలయంగా కలిసి, అక్కడినుంచి కొమ్మలుగా చీలతాయి. వాటిలో ఏదో ఒక కొమ్మలో రక్తం గడ్డ అడ్డుపడితే ఆ కొమ్మ కింది మెదడుకు తిండి ఆగుతుంది. పక్షవాతాల్లో ఎక్కువ భాగం ఇలా వచ్చేవే.

మీలో చేనికి డ్రిప్పు వేసినవాళ్ళున్నారు కదా. ఉప్పు పేరుకుని పైపు ఒకచోట పూడుకుపోతుంది. పూడిక దాటిన తర్వాత ఉన్న చెట్టు ముందు ఎండుతుంది. దాని చుట్టుపక్కల ఉన్నవి పక్క సాళ్ళలోంచి కాస్తోకూస్తో తడి అందుకుని, ఆకులు వేలాడేసి నిలబడతాయి. ఎండిపోయినదాన్ని ఎవరూ బతికించలేరు. వాడినవాటికి పొద్దుగూకేలోగా నీళ్ళు పెడితే తేరుకుంటాయి. మెదడులోనూ అంతే. నడిమధ్యన కొంత భాగం కొన్ని నిమిషాల్లోనే చచ్చిపోతుంది. దాని చుట్టూ మరింత పెద్ద భాగం పని ఆపేసి, ప్రాణం మాత్రం పట్టుకుని ఉంటుంది. మామూలుగా 100 గ్రాముల మెదడుకు నిమిషానికి 50 మిల్లీలీటర్ల రక్తం అందాలి. అది 20 కంటే తగ్గితే కణాలు పని ఆపుతాయి, 10 కంటే తగ్గితే చస్తాయి. ఆ ఇరవైకీ పదికీ మధ్య వేలాడే భాగం కోసమే మన పరుగంతా. గడ్డ కరిగితే అది లేస్తుంది. కరగకపోతే గంట గంటకూ అదీ ఎండిపోయిన దాంట్లో కలిసిపోతుంది.

కణం ఎట్లా చస్తుంది? గనిలో ఊటనీళ్ళు తోడే మోటారును మీరు చూసే ఉంటారు. కరెంటు పోయి మోటారు ఆగితే ఏమవుతుంది? గుంత నిండిపోతుంది. నాడీకణం గోడకూ అట్లాంటి చిన్న మోటార్లు లెక్కలేనన్ని ఉన్నాయి. లోపలికి చొరబడే ఉప్పును ఎప్పటికప్పుడు బయటికి తోడుతూ ఉంటాయి. ఆక్సిజన్ ఆగితే అవి ఆగిపోతాయి. ఉప్పు, దానివెంట నీళ్ళు లోపలికి దూరి కణం ఉబ్బుతుంది. చచ్చే కణం తనలోని రసాయనాలను బయటికి కక్కుతుంది. అవి పక్క కణాలను రెచ్చగొడతాయి, వాటిలోకి కాల్షియం వరదలా వచ్చి అవీ లోపలినుంచి కరిగిపోతాయి. ఇట్లా చావు పక్కకు పాకుతుంది. పెద్ద నాళం మూసుకుపోతే ఎంత నష్టమో అమెరికాలో ఒక డాక్టరు 2006లో లెక్క కట్టాడు. నిమిషానికి 19 లక్షల నాడీకణాలు. ఒక్క నిమిషానికి! దిష్టి తియ్యడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది? పావురం దొరకడానికి?

ఇంకొక సంగతి, దీనివల్ల చాలామంది మోసపోతారు. మొదటిరోజు మనిషి తెలివిగా ఉంటుంది, మూడోరోజు మత్తుగా పడిపోతుంది. "ఆసుపత్రిలో ఏదో సూది వేశారు, అప్పటినుంచే ఇట్లయింది" అంటారు. దెబ్బతిన్న చోట వాపు మెల్లగా పెరిగి, రెండో రోజుకూ అయిదో రోజుకూ మధ్య బాగా ఎక్కువవుతుంది. పుర్రె గట్టి డబ్బా, సాగదు. వాచిన మెదడు మంచి మెదడును నొక్కుతుంది. అందుకే "బాగానే ఉంది కదా" అని రెండో రోజే ఇంటికి తీసుకుపోవద్దు.

గడ్డ అడ్డుపడటం ఒక రకం. నాళం చిట్లి మెదడులోకి రక్తం కారడం ఇంకో రకం. ఏళ్ళ తరబడి బీపీ ఎక్కువగా ఉండి, మందు వాడకపోతే నాళాల గోడలు పెళుసై ఇట్లా చిట్లుతాయి. రెండిట్లోనూ చెయ్యి పడిపోతుంది, మూతి వంకర పోతుంది. పైనుంచి చూసి ఇది ఏ రకమో ఇంట్లోవాళ్ళు చెప్పలేరు, ఆర్‌ఎంపీ చెప్పలేడు, నేనూ చెప్పలేను. సీటీ స్కాన్ తీస్తేనే తెలుస్తుంది. గడ్డను కరిగించే మందు రక్తం కారుతున్న మనిషికి ఇస్తే ప్రాణం పోతుంది. అందుకే గుండెనొప్పికి ఇస్తారు కదా అని ఇంట్లో ఆస్పిరిన్ మాత్ర మింగించొద్దు. నాలుక కింద మందు వేసి బీపీని ఒక్కసారిగా దించడమూ తప్పే. పైపు పూడిన చేనికి మోటారు జోరు కూడా తగ్గిస్తే వాడిన చెట్లు ఏమవుతాయి? వాడినవి కాస్తా ఎండిపోతాయి. మన కథలోని ఆమెకు మధ్యాహ్నం మూడింటికి జరిగింది అదే. నీళ్ళు, కాఫీ, ఏమీ తాగించొద్దు. మింగడం కూడా మెదడు పనే. అది చెడినప్పుడు పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. వార్డులో మేము పోగొట్టుకున్నవాళ్ళలో చాలామంది ఆ న్యుమోనియాతో పోయినవాళ్ళే.

ఈ గడ్డలు ఎందుకు వస్తాయంటే అందరికీ తెలిసిన కారణాలే. బీపీ అన్నిటికంటే పెద్దది. తర్వాత షుగరు, పొగాకు. వక్కాకులో పొగాకు పెట్టుకుని నమిలేవాళ్ళు చేతులెత్తొద్దు, నాకు తెలుసులెండి. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే ఒక చిన్న చెంచా. ఊరగాయ, ఊరమిరపకాయ, ఉగ్గానిలోకి బజ్జీ, సంగటిలోకి చెట్నీ, ఇవన్నీ కలిపి లెక్క చూసుకోండి. ఇంకొకటి మాత్రం పేద ఇళ్ళలోని చిన్న వయసు ఆడవాళ్ళలో నేను ఎక్కువగా చూశాను. చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి, ఆ తర్వాత కీళ్ళు వాచి జ్వరం వచ్చి, గుండె కవాటం చెడిపోతుంది. ఆ గుండెలో గడ్డ కట్టి, రక్తంతో పాటు మెదడుకు పోతుంది. పాతికేళ్ళ పిల్లకు పక్షవాతమేమిటని అనుకోవద్దు. "నాలుగు మెట్లెక్కితే ఆయాసమొస్తాది" అని ఆ పిల్ల చెప్పినప్పుడే గుండె పరీక్ష చేయించి ఉండాల్సింది.

ఇప్పుడు మూడో రకానికి వస్తాను. దీన్ని గురించి సభల్లో ఎవరూ చెప్పరు. ఇది చెప్పాలనే నేను వచ్చాను.

మెదడుకు రక్తం తెచ్చే నాళాలున్నట్టే, వాడిన రక్తాన్ని వెనక్కి తీసుకుపోయే సిరలున్నాయి. వాటిలో గడ్డ కడితే రక్తం బయటికి పోలేక మెదడులో నిండుతుంది. మురుగు కాలువ పూడితే నీళ్ళు ఇంట్లోకి తన్నినట్టు. తలనొప్పి మొదలవుతుంది. రోజురోజుకూ పెరుగుతుంది. వాంతులు, చూపు మసక, ఫిట్స్, ఆ తర్వాత చెయ్యో కాలో పడిపోవడం. ఇది మన దేశంలో బాలింతలకు వచ్చే జబ్బని డాక్టర్లకు చాలా ఏళ్ళుగా తెలుసు. మదురైలో గర్భిణులూ బాలింతలూ అయిన 135 మంది కేసులను పరిశీలించి 1983లో ఒక పెద్ద వ్యాసం ప్రచురించారు. హైదరాబాదు నిమ్స్‌లో ఈ జబ్బుతో వచ్చినవాళ్ళ పేర్లను ఒక రిజిస్టరుగా రాసి పెట్టి, 428 మంది వివరాలు 2012లో ప్రచురించారు. అందులో మగవాళ్ళూ ఉన్నారు. అయితే ఆడవాళ్ళలో కనిపించిన కారణాలు చూడండి. కాన్పు, రక్తహీనత, హార్మోను మాత్రలు.

బాలింతకు ఎందుకు వస్తుంది? కాన్పులో ఎక్కువ రక్తం పోకుండా ప్రకృతి రక్తానికి గడ్డకట్టే గుణం పెంచుతుంది. కాన్పు తర్వాత కూడా కొన్ని వారాలు అది అట్లాగే ఉంటుంది. దానికి రక్తహీనత తోడవుతుంది. ఆపైన మన ఆచారం. బాలింత నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుంది, జలుబు చేస్తుంది, బిడ్డకు పడదు అని దప్పికతో ఎండబెడతాం. మన ఎండల్లో! రేకుల ఇంట్లో, తలుపులు మూసి, చెవులకు గుడ్డ కట్టి, పక్కన కుంపటి పెట్టి, దోసెడు కాచిన నీళ్ళు. ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుంది. పదో రోజో పన్నెండో రోజో "అమ్మా, తల పగిలిపోతాంది" అంటుంది. "బాలింత గాలి, తల గట్టిగా కట్టు" అంటారు. ఫిట్స్ వస్తే దయ్యమంటారు. వేపమండలతో కొట్టిన పిల్లను నేను చూశాను. ఒంటి మీద వాతలతో వచ్చింది. పద్ధెనిమిది రోజుల పసిబిడ్డ బయట నాయనమ్మ ఒళ్ళో ఏడుస్తున్నాడు.

ఈ జబ్బును వేళకు పట్టుకుంటే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. గడ్డ పెరగకుండా రక్తాన్ని పలచబరిచే మందులు ఉన్నాయి. మిగతా పక్షవాతాలకంటే ఇందులో ఆశ ఎక్కువ. అందుకే నాకు కోపం కూడా ఎక్కువ. బాలింతకు దప్పికైనప్పుడల్లా నీళ్ళు ఇవ్వాలి. తగ్గని తలనొప్పి వచ్చిన బాలింతను ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి. కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చి కాళ్ళు వాచిన మనిషి కాన్పు కాగానే ఆ సంగతి మరచిపోకూడదు. అట్లాంటివాళ్ళకు ముందు ముందు పక్షవాతం వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే దాదాపు రెట్టింపు. ఏటా బీపీ చూపించుకుంటూ ఉండాలి.

మాత్రల మాట కూడా చెప్పాలి. కాన్పులు వద్దనుకుని వాడే మాత్రలు కొన్ని కోట్లమందికి మేలు చేశాయి. వాటికి నేను వ్యతిరేకిని కాను. కానీ ఆ మాత్రలు ఇచ్చేముందు బీపీ చూడాలి. తలనొప్పికి ముందు కళ్ళ ముందు మెరుపులు వచ్చే పార్శ్వనొప్పి ఉందా, ఇంతకుముందు ఎక్కడైనా గడ్డ కట్టిందా అని అడగాలి. మెడికల్ షాపు కుర్రాడు ఇవేమీ అడగడు. ఇక పెళ్ళికనో, పూజకనో, జాతరకనో నెలసరి వాయిదా వేయడానికి ఇంట్లోవాళ్ళే తెచ్చి మింగించే హార్మోను మాత్రలు ఉన్నాయి. "ఇంట్లో శుభకార్యం పెట్టుకుని నువ్వు బయటుంటే ఎట్లా" అంటారు. నెలసరి అంటు అని ఎవరు చెప్పారో వాళ్ళు మాత్ర మింగరు, మనం మింగుతాం. రక్తం లేని పిల్ల, బీపీ ఉన్న మనిషి డాక్టరును అడగకుండా వీటి జోలికి పోవద్దు. మైల కోసం మెదడును పణం పెట్టడం ఏం న్యాయం?

సరే, జబ్బు వచ్చింది. ఎట్లా గుర్తుపట్టాలి? నవ్వమనండి, మూతి ఒకపక్కకు పోతుందా? రెండు చేతులూ ముందుకు చాపమనండి, ఒకటి దిగిపోతుందా? ఒక మాట చెప్పించండి, తడబడుతోందా? ఈ మూడింటిలో ఒక్కటి హఠాత్తుగా వచ్చినా 108కి ఫోన్ చెయ్యండి. హఠాత్తుగా చూపు పోయినా, నిలబడలేక తూలిపోయినా అంతే. 2005లో ఆ బండ్లు మన రాష్ట్రంలో మొదలైనప్పటినుంచి ఫోన్ చెయ్యడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, పదేళ్ళ కూతురైనా చెయ్యొచ్చు. చివరిసారి మనిషి మామూలుగా ఉన్న టైము ఎంతో గుర్తు పెట్టుకోండి. ఆసుపత్రిలో మొదట అడిగేది అదే. అరగంటలో అన్నీ వెనక్కి వచ్చేసి మనిషి మామూలైతే సంతోషించి ఊరుకోవద్దు. అది పెద్ద దెబ్బకు ముందు వచ్చే కబురు, ఆ రోజే పోవాలి.

గడ్డ కరిగించే మందు పక్షవాతానికి పనిచేస్తుందని 1995లో తేలింది. అప్పుడు మూడు గంటలలోపు ఇవ్వాలన్నారు, 2008 తర్వాత నాలుగున్నర గంటలన్నారు. తొడలోని నాళం గుండా సన్నటి తీగ పంపి గడ్డను లాగేసే పద్ధతి 2015 నుంచి స్థిరపడింది. దానికి కొందరిలో ఇంకా ఎక్కువ వ్యవధి ఉంటుంది. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడి బేతంచెర్ల అందులోకి వచ్చింది, 2023లో నంద్యాలలో సర్కారు మెడికల్ కాలేజీ మొదలైంది. కర్నూలు పెద్దాసుపత్రి ఎప్పటినుంచో ఉంది. స్కాన్ ఎక్కడ రాత్రీ పగలూ తీస్తారు, గడ్డ కరిగించే మందు ఎక్కడ ఇస్తారు, సర్కారు ఆరోగ్య పథకం కార్డు ఎక్కడ చెల్లుతుంది అని సంఘం తరఫున ఇద్దరు పోయి ఇప్పుడే కనుక్కుని రాండి. మనిషి పడిపోయాక కనుక్కుంటే అప్పటికే నాలుగున్నర గంటల్లో సగం అయిపోతుంది.

నేను మొదట చెప్పిన ఆమె దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఆమె బతికింది. కుడిచెయ్యి రాలేదు. కాలు కొంచెం వచ్చింది. మాట పోయింది. నోట్లోంచి వచ్చేది ఒక్కటే మాట: "అవ్వ". నీళ్ళు కావాలన్నా అవ్వ, కోపమొచ్చినా అవ్వ. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు దగ్గరికి ఇట్లాంటి మనిషే ఒకడు వచ్చాడు. ఏమడిగినా "టాన్" అనేవాడు, అంతకు మించి మాట రాదు. కానీ చెప్పినదాంట్లో చాలామటుకు అర్థం చేసుకునేవాడు. అతను చనిపోయాక మెదడు చూస్తే ఎడమపక్క ముందుభాగంలో దెబ్బ కనిపించింది. మాట పలికించే చోటు అక్కడుందని లోకానికి అట్లా తెలిసింది. చాలామందికి మాట ఎడమ మెదడులోనే ఉంటుంది. అందుకే కుడివైపు పడిపోయినవాళ్ళకు మాట కూడా పోతుంది. కొందరికి మాట్లాడటం పోయి అర్థం కావడం మిగులుతుంది. కొందరికి దెబ్బ వెనక్కి ఉంటే మాటలు గలగలా వస్తాయి గానీ వాటికి అర్థముండదు, ఎదుటివాళ్ళ మాటా సరిగా అందదు. "పిచ్చెక్కింది" అనేది వీళ్ళనే. ఎడమవైపు పడిపోయినవాళ్ళలో మరో వింత ఉంది. కొందరు ఎడమపక్క లోకాన్నే మరచిపోతారు. పళ్ళెంలో కుడిపక్క అన్నమే తింటారు. ఎడమపక్క నిలబడిన కోడలిని పలకరించరు. ఆమె పొగరనుకుంటుంది. ఇంకా కొందరికి కారణం లేకుండా ఏడుపో నవ్వో తన్నుకొస్తుంది. ముగ్గురిలో ఒకరికి గాఢమైన దిగులు పడుతుంది, దానికీ మందులున్నాయి.

ఆమెకు పుట్టింటినుంచి వచ్చిన ఎకరన్నర చేను ఉంది. వార్డులో పదమూడో రోజు సాయంత్రం దగ్గరి చుట్టం ఒకాయన కాగితాలు, ఇంకు ప్యాడు తెచ్చాడు. ఏం కాగితాలని అడిగితే "ఆసుపత్రి పనికిలే సిస్టరమ్మా" అన్నాడు. ఆమె కుడిచేతి బొటనవేలు పట్టుకున్నాడు. కదలని చెయ్యి కదా, అది వద్దనలేదు. ఆమె ఎడమచేత్తో ప్యాడును విసిరికొట్టింది. దుప్పటి నిండా ఇంకు. "అవ్వ, అవ్వ" అని అరిచింది. ఆయన నాతో, "మతి లేదు సిస్టరమ్మా, ఏం చేస్తాందో తెలీదు" అన్నాడు. అంతకంటే తెలివైన పని ఆ వార్డులో ఆ రోజు ఎవరూ చెయ్యలేదు.

ఇక్కడ పనిచేసేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. మాట పోయిన మనిషి అవునననుకుని కాదనవచ్చు, కాదనుకుని తల ఊపవచ్చు. ఒక్కసారి తల ఊపితే ఒప్పుకున్నట్టు కాదు. చిన్న చిన్న ప్రశ్నలుగా, బొమ్మలు, వస్తువులు చూపించి అడగాలి. అదే ప్రశ్నను తిరగేసి మళ్ళీ అడగాలి. "ఈ చేను అమ్మేదా?" అని, కాసేపాగి "చేను ఉంచుకునేదా?" అని. రెండింటికీ తల ఊపితే ఆ రోజు ఏ కాగితమూ ముట్టించొద్దు. ఆఫీసుకు రాలేని మనిషి ఇంటికే రిజిస్ట్రేషన్ అధికారి వచ్చి విచారించే వీలు 1908 నాటి చట్టంలోనే ఉంది. నిజంగా ఆమె ఇష్టంతో జరిగేదైతే ఆ దారిన పోవచ్చు. ఒంటరిగా ఉన్నప్పుడు వేలు పట్టుకోవాల్సిన అవసరమేముంది?

2016 వికలాంగుల హక్కుల చట్టం ఇరవై ఒక్క రకాల వైకల్యాలను చెప్పింది. మెదడు దెబ్బవల్ల మాట శాశ్వతంగా పోవడం కూడా అందులో ఉంది. చెయ్యీ కాలూ బాగుండి మాట ఒక్కటే పోయినా సదరం సర్టిఫికెట్‌కు అడగొచ్చు. 2024 జూలైలో మన రాష్ట్రంలో పింఛన్లు పెంచినప్పుడు, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు నెలకు 15,000, మిగతా వికలాంగులకు 6,000 చేశారు. ఆ డబ్బు ఎవరి చేతికి పోతోందో, ఆ మనిషి పక్క ఎప్పుడు మార్చారో ఇంటికి పోయినప్పుడు చూడండి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపు పుళ్ళు పడుతుంది. పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపొద్దు, భుజం జారిపోతుంది.

తిప్పేదెవరు? ఆమె కూతురు. తొమ్మిదో తరగతి మానేసింది. "ఆడపిల్ల ఉంది కదా, చూసుకుంటాది" అన్నారు. ఇద్దరు కొడుకులు ఆ ఇంట్లోనే ఉన్నారు. ఒక్క గడ్డ ఇద్దరి బతుకులను ఆపింది. నేను తండ్రితో రెండుసార్లు మాట్లాడాను. మూడోసారికి అన్నయ్యలు రాత్రిపూట తిప్పడానికి ఒప్పుకున్నారు. పిల్ల మరుసటి ఏడు బడికి పోయింది. నేను గెలిచిన పోట్లాటలు తక్కువ, ఇది ఒకటి.

చచ్చిన కణాలు తిరిగి రావు. అయితే బతికిన మెదడు కొత్త దారులు వేసుకోగలదు. అమెరికాలో జిల్ బోల్టే టేలర్ అనే మెదడు శాస్త్రవేత్తకు 1996 డిసెంబరులో 37 ఏళ్ళ వయసులో ఎడమ మెదడులో నాళం చిట్లింది. నడక, మాట, చదువు పోయాయి. మళ్ళీ నేర్చుకోవడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. ఆమెకు తల్లి తోడుగా నిలబడింది. మొదటి మూడు నెలల్లో మార్పు ఎక్కువగా కనిపిస్తుంది, ఆ తర్వాత మెల్లగా వస్తుంది, ఆగిపోదు. పడిపోయిన చేత్తోనే గ్లాసు పట్టించాలి, గుడ్డ మడతపెట్టించాలి, రోజూ వందసార్లు. పాటలు పాడించండి. మాట రాని కొందరికి తెలిసిన పాట వస్తుంది. మన ఆమె ఒకరోజు కూతురు పాడుతుంటే లాలిపాటలో రెండు చరణాలు పూర్తిగా పాడింది. తర్వాత మళ్ళీ "అవ్వ".

నేను చెప్పాల్సింది అయిపోయింది. ఆ బల్ల మీద బీపీ మిషను ఉంది. అందరూ వరసగా రండి. మొదట పెద్దవాళ్ళు, తర్వాత కడుపుతో ఉన్నవాళ్ళు, చంటిబిడ్డల తల్లులు. టీ తాగి వెంటనే రావద్దు, వక్కాకు ఉమ్మేసి రండి. అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి, చెయ్యి బల్ల మీద పెట్టండి. పట్టీ బిగించాక నాతో మాట్లాడొద్దు, తప్పు లెక్క వస్తుంది. 140 పైన, 90 కింద దాటినవాళ్ళ పేర్లు ఈ పుస్తకంలో రాస్తాను. ఒక్కసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన జబ్బు అనుకోవద్దు, వచ్చే వారం మళ్ళీ చూద్దాం. వెనక కూర్చున్న పెద్దమ్మా, "నాకేం లేదులే" అని లేచిపోవద్దు. మొదట నువ్వే రా.